ఇంటింటి ఆరోగ్యం: దిగులు జబ్బు

పోయిన మాసం చక్కెర జబ్బు గలవారు పాదాలను ఎలా కాపాడుకోవాలో ముచ్చటించుకొన్నాము. ఈ మాసం కళ్ళను గురించి వ్రాస్తానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పవలసి వచ్చింది. షోలాపూరు నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం నా బల్లమీద ఉన్నది. దానికి జవాబు నెల రోజులు ఆగదగినది కాదు. పైగా అది ఆ ఒక్క ఇంటి గొడవ కాదు. పరాయి భాష నడిచే ఊళ్ళలో తరాలుగా కాపురాలు చేస్తున్న మనవాళ్ళ ఇళ్ళలో చాలావాటికి అది వర్తిస్తుంది. పేరు వ్రాయవద్దని ఆమె కోరింది, వ్రాయను.

ఉత్తరం సారాంశం ఇది. ఆమె అత్తగారికి యాభై ఎనిమిదేళ్ళు. తాతలనాడు తెలంగాణం నుంచి మగ్గం పని వెతుక్కొంటూ షోలాపూరు చేరిన నేత కుటుంబం. అత్తగారు రోజుకు వెయ్యి బీడీలు చుడుతూ, ఆ చుట్టడంలోనే చుట్టూ ఉన్న పదిమందినీ నవ్వించే మనిషి. నారళీ పూర్ణిమనాడు మార్కండేయుని రథోత్సవమంటే వీధిలో అందరికంటె ముందు తయారయ్యే మనిషి. ఈ ఏడు గడప దాటలేదు. రెండు వందల బీడీలకే చేతులాడటం లేదంటుంది. మనుమరాలు ఒళ్ళో కూర్చుంటే దించివేస్తుంది. ఇక సోదరి మాటల్లోనే వినండి:

"మా అత్త నవ్వక ఆరు నెలలైతంది. ఇంట్ల ఏం తక్కువ లేదు, ఎవ్వరు ఒక్క మాట అనలేదు. దిష్టి తీసినం, తాయెత్తు కట్టించినం, రెండు సార్లు సెలైన్ ఎక్కించినం. డాక్టరు మరాఠీల అడుగుతడు, మా ఆయన జవాబు చెప్తడు, అత్త ఊకుంటది. ఇది రోగమా, సోమరితనమా, ఎవరన్న ఏమన్న చేసిన్రా?"

అమ్మాయీ, ఉత్తరం చూచి రోగ నిర్ణయం చెయ్యడం వైద్యుడికి తగదు. కాని నీ ప్రశ్నకు నా మొదటి జవాబు ఇది: సోమరితనం కాదు, ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఇది చాలావరకు రోగమే అయి ఉండాలి. దానికి వైద్యం ఉన్నది. ఇంగ్లీషులో డిప్రెషన్ అంటారు. పత్రికలవారు కుంగుబాటు అంటున్నారు. మా బళ్ళారి వైపు పెద్దలు "దిగులు పడింది" అనేవారు. నేను దిగులు జబ్బు అనే అంటాను.

ఈ విషయంలో నేను గొప్పగా మాట్లాడడానికి వీలులేదు. ఇదే జబ్బును ఒక ఏడాది పాటు కళ్ళ ఎదుట పెట్టుకొని కూడా గుర్తించలేకపోయినవాణ్ణి నేను. అప్పటికి నేను బళ్ళారిలో ప్రాక్టీసు పెట్టి పదేళ్ళు దాటింది. దగ్గర పల్లె నుంచి ఒక పెద్దావిడను కొడుకు స్కూటరు మీద తీసుకొచ్చేవాడు. ఆమెకు వచ్చింది తెలుగొక్కటే. కొడుకు కన్నడ బడిలో చదువుకొని, కన్నడంలోనే ఉద్యోగం చేస్తున్నవాడు. గుండె దడ, నడుము నొప్పి, తల దిమ్ము, నిస్త్రాణ. ఇవీ ఆమె బాధలు. నేనేది అడిగినా ఆమె నోరు తెరిచేలోగా కొడుకు కన్నడంలో చకచకా చెప్పేసేవాడు. అన్నం తింటుందా? తింటుంది సార్. నిద్రో? ఎప్పుడూ పడుకొనే ఉంటుంది సార్. ఇ.సి.జి. తీయించాను. నడుముకు ఎక్స్‌రే తీయించాను. ఏమీ దొరకలేదు. బి-కాంప్లెక్సు, బలానికి సూదిమందు, నొప్పికి మాత్రలు. ఇలా ఏడాది గడిచింది. ఒకసారి నాకే విసుగు పుట్టి, "మీకు జబ్బేమీ లేదమ్మా, మనసు గట్టి చేసుకోండి" అని కూడా అన్నాను.

ఒకనాడు స్కూటరు ఎక్కడో ఆగిపోతే కొడుకు దాన్ని బాగుచేయించడానికి పోయి, తల్లిని ఒక్కతెనే లోపలికి పంపాడు. ఆనాడు మొదటిసారి ఆమెను తెలుగులో, తీరికగా అడిగాను: "అమ్మా, తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వస్తుంది?"

"మూడుకే సామీ. మళ్ళా రెప్ప పడదు. ఈ పొద్దు యాల పుడతాదో, ఎట్ల గడపాల్నో అని గుండె కొట్టుకుంటాది."

ఏడాదిగా నేను ఇ.సి.జి.లో వెతికిన గుండె దడ అది! చచ్చిపోవాలని అనిపిస్తుందా అని అడగడానికి నాకు నోరు రాలేదు, అయినా అడిగాను. కొంగు మొగానికి అడ్డం పెట్టుకొని తల ఊపింది. ఆనాడే మానసిక వైద్యుని దగ్గరకు పంపాను. మూడు నెలల తరువాత ఆమె తానే బస్సెక్కి వచ్చి, చింతకాయ తొక్కు సీసా నా బల్లమీద పెట్టింది. ఆ ఏడాది మాత్రం నావల్ల పోయింది. అందుకే ఈ వ్యాసం.

దుఃఖం వేరు, జబ్బు వేరు

కష్టం వస్తే మనిషి దుఃఖపడతాడు. దానికి మందు అక్కరలేదు. నలుగురి ఓదార్పూ కాలమూ చాలు. ఆత్మీయులు పోయినప్పుడు నెలల తరబడి కన్నీరు ఆగకపోవడం కూడా సహజమే. అయితే అటువంటి దుఃఖం అలలుగా వచ్చి పోతుంది. మధ్యలో మనుమరాలు ముద్దు మాట అంటే నవ్వు వస్తుంది. దిగులు జబ్బులో ఆ మధ్య విరామం ఉండదు. మంచి వార్త విన్నా మనసు కదలదు. కారణం వెతికితే ఒక్కొక్కప్పుడు కారణమే దొరకదు. "ఇంట్లో ఏం తక్కువ?" అని అడగడం ఇందుకే వ్యర్థం. చక్కెర జబ్బు వచ్చినవాణ్ణి "నీకేం తక్కువ?" అని అడుగుతామా?

వైద్యులు దీనికి తొమ్మిది గుర్తులు చెప్పారు. ఒకటి, రోజులో ఎక్కువ భాగం మనసు దిగులుగా ఉండడం. రెండు, ఇదివరలో ఇష్టమైనవాటి మీద ఇష్టం పోవడం. మూడు, ఆకలి లేదా బరువు బాగా తగ్గడమో పెరగడమో. నాలుగు, నిద్ర పట్టకపోవడమో, మితిమీరి నిద్రపోవడమో. ఐదు, కదలికలు, మాటలు నెమ్మదించిపోవడం, లేదా నిలకడ లేక చేతులు పిసుకుకొంటూ తిరగడం. ఆరు, పని చెయ్యకుండానే అలసట. ఏడు, నేను పనికిరానిదాన్ని, అందరికీ బరువైనాను, తప్పంతా నాదే అన్న భావం. ఎనిమిది, ఏకాగ్రత పోవడం, కూరలో ఉప్పు వేశానో లేదో కూడా తేల్చుకోలేకపోవడం. తొమ్మిది, చావును గురించి మాటిమాటికీ ఆలోచన.

ఈ తొమ్మిదిలో కనీసం ఐదు, వాటిలో మొదటి రెండింటిలో ఒకటి తప్పనిసరిగా, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు తగ్గకుండా ఉండి, ఇంటి పనికో బయటి పనికో అడ్డం వస్తూ ఉంటే దానిని జబ్బుగా ఎంచాలి. వేయి బీడీలు రెండు వందలు కావడం, మనుమరాలిని ఒళ్ళో నుంచి దించడం, రథోత్సవానికి కదలకపోవడం: అమ్మాయీ, నీవు తెలియకుండానే రెండు మూడు గుర్తులు వ్రాశావు.

మనవాళ్ళలో ఇంకొక చిక్కు ఉన్నది. "నాకు దిగులుగా ఉంది" అని వైద్యుని దగ్గర ఎవరూ చెప్పరు. ఒళ్ళంతా మంటలంటారు, తల మీద బండ పెట్టినట్టుందంటారు, కడుపు ఉబ్బరమంటారు. ఇవి అబద్ధాలు కావు. ఈ జబ్బు ఒంటిని కూడా పట్టుకొంటుంది. నొప్పి నిజంగానే పుడుతుంది. వైద్యుడు నొప్పిని వింటాడు, వెనుక ఉన్న దిగులును వినడు. మగవారిలో ఇది మరో వేషం వేస్తుంది: చిరాకు, కోపం, సాయంత్రం కాగానే సీసా. ముసలివారిలో మతిమరుపులా కనిపిస్తుంది. బిడ్డను కన్న తల్లుల్లో కాన్పు తరువాత వారాల్లో వస్తుంది. పుట్టిన బిడ్డను చూచి ఏడుస్తున్నదని పచ్చి బాలింతను తిట్టే ఇళ్ళు నేనెరుగుదును. దయచేసి తిట్టవద్దు, చూపించండి.

ఈ జబ్బు అరుదు కూడా కాదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థవారు 2015–16లో దేశంలో జరిపిన సర్వేలో, ఇరవై మంది పెద్దలలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడినవారేనని తేలింది. మానసిక వ్యాధులున్నవారిలో వైద్యం అందనివారు, వ్యాధిని బట్టి, నూటికి 70 నుంచి 92 మంది దాకా ఉన్నారని కూడా ఆ సర్వే చెప్పింది.

నిర్ణయం ఎలా చేస్తారు?

రక్తం తీసి, పటం తీసి ఈ జబ్బును కనిపెట్టే పరీక్ష ఏదీ లేదు. "అన్ని టెస్టులూ నార్మలే, కనుక జబ్బు లేదు" అన్న మాట అందుచేత తప్పు. అడగడమే పరీక్ష, వినడమే సాధనం. అడగడానికి ఒక ప్రశ్నల పట్టిక ఉన్నది. పి.హెచ్.క్యూ.–9 అంటారు. పైన చెప్పిన తొమ్మిది గుర్తుల మీద తొమ్మిది ప్రశ్నలు, గడచిన రెండు వారాలలో ఎన్నాళ్ళు బాధ పెట్టిందో చూచి, ఒక్కొక్క దానికి సున్న నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. పది దాటితే వైద్యుడు జాగ్రత్తగా పరిశీలించాలి. ఇరవై, ఆ పైన ఉంటే జబ్బు తీవ్రమన్నమాట. తెలుగులో కూడా ఈ పట్టిక దొరుకుతుంది. అయితే ఇది జల్లెడ వంటిది. తీర్పు చెప్పవలసింది వైద్యుడే.

మరి రక్తపరీక్షలు ఎందుకు వ్రాస్తారు? దిగులు వేషంలో వచ్చే ఇతర జబ్బులను పట్టుకోవడానికి. థైరాయిడు గ్రంథి మందగిస్తే మనిషి అచ్చం ఇలాగే నెమ్మదిస్తాడు. రక్తహీనత వల్ల అలసట వస్తుంది. శాకాహారులలో బి-12 విటమిను తగ్గి ఇటువంటి లక్షణాలు రావచ్చు. చక్కెర జబ్బు, గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవారిలో దిగులు జతగా వస్తుంది. స్టెరాయిడు మాత్రల వంటి కొన్ని మందులూ, తాగుడూ కూడా మనసును కుంగదీస్తాయి. కనుక వైద్యుని దగ్గరకు పోయేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఆకుమందులతో సహా, ఒక సంచిలో వేసుకొని పోవాలి.

ఇంకొక ప్రశ్న చాలా ముఖ్యం. "ఎప్పుడైనా ఇందుకు వ్యతిరేకంగా, నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మితిమీరిన హుషారుతో, ఆగకుండా మాట్లాడుతూ, చేతికందినంత ఖర్చు చేస్తూ కొన్నాళ్ళు గడిపారా?" అలా గడిపి ఉంటే అది బైపోలార్ అనే వేరే జబ్బు కావచ్చును. దానికి మామూలు దిగులు మందు ఒక్కటే ఇస్తే మనిషి రెండో కొసకు పోయే ప్రమాదమున్నది. ఈ సంగతి రోగికి గుర్తుండకపోవచ్చు, ఇంటివారే చెప్పాలి.

ఎవరు మాట్లాడాలి?

నేను ఈ మాసం ముఖ్యంగా చెప్పదలచుకొన్నది ఇదే. వినడమే సాధనమైన జబ్బులో రోగి నోరు మూసుకొని కూర్చుంటే రోగ నిర్ణయం ఎలా అవుతుంది? వైద్యుడు అడిగేది మరాఠీలోనో, కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో. మనవాళ్ళలో పిల్లలకు ఆ భాష వచ్చు. పెద్దవాళ్ళకు, ముఖ్యంగా ఇల్లు కదలని ఆడవాళ్ళకు, సంతకు సరిపడా వస్తుంది. బియ్యం బేరమాడే భాషలో మనసులోని మాట చెప్పలేరు. ఆ చోటులోకి కొడుకో భర్తో వచ్చి కూర్చుంటాడు. ప్రేమ చేతనే వస్తాడు. కాని కొడుకు ఎదుట "చచ్చిపోవాలనుంది" అని ఏ తల్లి అంటుంది? అన్నా, ఆ మాటను ఉన్నదున్నట్టు పరాయి భాషలో చెప్పడానికి ఏ కొడుక్కి నోరు వస్తుంది?

కనుక ఈ పద్ధతి పాటించండి. మొదట, ముందు రోజే రోగితో ఇంట్లో తెలుగులో కూర్చుని, ఆమె చెప్పినదాన్ని ఆమె మాటల్లోనే కాగితం మీద వ్రాసుకోండి. రెండవది, తెలుగు వచ్చిన వైద్యుడో, నర్సో, కౌన్సిలరో ఆ ఆసుపత్రిలో ఉన్నారేమో అడగండి. మన ఊళ్ళలో తరచు ఉంటారు. మూడవది, అనువాదం తప్పనిసరి అయితే ఇంటి మగవారికంటె రోగికి చనువున్న ఆడమనిషి మేలు. ఆమె రోగి మాటను తగ్గించకుండా, పెంచకుండా, తన వ్యాఖ్యానం చేర్చకుండా చెప్పాలి. నాలుగవది, పది నిమిషాలు అందరూ బయటకు వచ్చి రోగిని ఒంటరిగా వైద్యుని దగ్గర విడవండి. ఆ పది నిమిషాలు నాకు ఒక స్కూటరు చెడిపోయినందువల్ల దొరికాయి. మీరు దేనికోసమూ ఎదురు చూడవద్దు.

ఐదవది, ఫోను. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రి పగలు ఏ వేళనైనా డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు. తెలుగుతో సహా అనేక భాషలలో జవాబిస్తారు.

వైద్యం

వైద్యం రెండు విధాలు: మాటల వైద్యం, మందుల వైద్యం. జబ్బు తేలికగా ఉంటే మాటల వైద్యమే చాలవచ్చు. తీవ్రంగా ఉంటే రెండూ కలిసి నడవాలి.

మాటల వైద్యమంటే సలహాలివ్వడం కాదు, హితబోధ అంతకంటె కాదు. దిగులు పడ్డ మనిషి పని మానుతుంది. పని మానిన కొద్దీ దిగులు పెరుగుతుంది. దిగులు పెరిగిన కొద్దీ మరింత మానుతుంది. ఈ గిరకను ఆపడం ఒక పద్ధతి. మనసు బాగుపడిన తరువాత పని చేద్దామనుకోకుండా, చిన్న పనితో మనసును కదిలించడమన్నమాట. "ఈ రోజు వేయి బీడీలు" కాదు. "స్నానం చేసి, పది నిమిషాలు గుమ్మంలో కూర్చోవడం". రేపు వీధి చివరిదాకా నడక. రోజూ చేసిన నడక తేలిక జబ్బులో మందుకు తోడుగా బాగా పనిచేస్తుంది. గోవాలో ఈ పద్ధతిని 495 మంది రోగులతో పరీక్షించి, 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. చికిత్స చేసినది వైద్యులు కారు. శిక్షణ పొందిన మామూలు స్థానికులు. ఒక్కొక్కరితో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చున్నారు. మూడు నెలలకు వారి దగ్గర నూటికి 64 మంది కోలుకోగా, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 39 మంది కోలుకొన్నారు. రోగి భాషలో, రోగి ఊరివాళ్ళు చేసిన వైద్యం అది.

ఇక మందులు. వీటి పుట్టుక చిత్రమైనది. 1952లో అమెరికాలో క్షయరోగులకు ఐప్రోనియాజిడ్ అనే మందు ఇస్తే వాళ్ళు హుషారు కావడం వైద్యులు గమనించారు. స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే వైద్యుడు వేరే మానసిక రోగం కోసం వచ్చిన ఒక మందును పరీక్షిస్తూ, అది దిగులు పడ్డవారిని లేపి కూర్చోబెడుతున్నదని చూచి 1957లో ప్రకటించాడు. అది ఇమిప్రమీన్. 1987లో అమెరికాలో ఫ్లుఆక్సెటిన్‌కు అనుమతి దొరికిన తరువాత, పక్క బాధలు తక్కువైన మందులు వరుసగా వచ్చాయి. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి మన దేశంలో చౌకగానే దొరుకుతున్నాయి.

వీటిని గురించి నాలుగు సంగతులు ప్రతి ఇల్లూ తెలుసుకోవాలి.

ఒకటి: ఇవి తలనొప్పి మాత్రలు కావు, వేసుకొన్న గంటకు పనిచెయ్యవు. గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పక్క బాధలు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి: వికారం, తలనొప్పి, నిద్రలో మార్పు. చాలావరకు అవి తగ్గిపోతాయి. దాంపత్య విషయంలో ఆసక్తి తగ్గడం కొందరికి ఉంటుంది; సిగ్గుపడక చెప్పాలి, మందు మార్చవచ్చు. గుణం కంటె బాధ ముందు వస్తుంది కనుకనే మనవాళ్ళు పదో రోజున మానేస్తారు. మానకండి. తగిన మోతాదులో ఆరు వారాలు వాడినా గుణం లేకపోతే వైద్యుడు మోతాదు పెంచుతాడు, లేదా వేరే మందుకు మారుస్తాడు. మొదటి మందుతోనే అందరికీ కుదరదు.

రెండు: కుదిరిన తరువాత కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు అదే మోతాదు కొనసాగాలి. ఇదివరలో జబ్బు వచ్చి పోయినవారికి ఇంకా ఎక్కువ కాలం. ఆపేటప్పుడు వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించాలి. ఒక్కసారి ఆపితే తల తిప్పడం, చిరాకు వస్తాయి.

మూడు: ఇవి తాగుడు వలె అలవాటు పడే మందులు కావు. అలవాటు పడేవి వేరే ఉన్నాయి. ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలు, మందుల దుకాణంలో పాత చీటీ చూపి నెలల తరబడి కొనేవి. అవి ఆ రాత్రి నిద్రపుచ్చుతాయి, జబ్బును కుదర్చవు. రెంటినీ ఒకటనుకోవద్దు.

నాలుగు: పెద్దవయసువారిలో ఈ మందుల వల్ల రక్తంలో సోడియం తగ్గి మగత, తికమక రావచ్చు. నొప్పి మాత్రలు, రక్తం పలుచబడే మందులు వాడేవారికి రక్తస్రావం భయమున్నది. ఇరవై ఐదేళ్ళ లోపు పిల్లలను మొదటి వారాలలో కనిపెట్టి ఉండాలి. కొద్దిమందిలో ఆ రోజుల్లో చావు ఆలోచనలు పెరగవచ్చు.

జబ్బు బాగా ముదిరి తిండి, నీళ్ళు మానేసిన స్థితిలో, లేదా ప్రాణానికి ముప్పున్నప్పుడు, విద్యుత్ చికిత్స ఇస్తారు. సినిమాలలో చూపినట్టు మనిషిని పట్టుకొని బాధ పెట్టడం కాదు. మత్తు ఇచ్చి, కండరాలు సడలించి చేస్తారు. మత్తు లేకుండా చెయ్యడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. కొన్నాళ్ళు మరపు ఉండవచ్చు. ప్రాణం నిలిపే వైద్యమది.

ఎక్కడికి పోవాలి అంటారా? పెద్ద నగరాలకే పోనక్కరలేదు. 1980లలో నిమ్హాన్స్ వారు మా బళ్ళారి జిల్లాలోనే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు శిక్షణ ఇచ్చి, పల్లెలో కూడా ఈ వైద్యం సాగించవచ్చునని చూపించారు. ఆ నమూనా మీదనే 1996 నుంచి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో మానసిక విభాగం ఏ రోజున ఉంటుందో కనుక్కోండి. భీమా ఉన్నవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి: ఒంటి జబ్బులకు ఉన్నట్టే మానసిక వ్యాధుల వైద్యానికి కూడా భీమా ఉండాలని అదే చట్టం చెబుతున్నది.

అడగవలసిన ఒక్క ప్రశ్న

చావు మాట ఎత్తితే ఆ ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని ఇంటివారు భయపడతారు. అది నిజం కాదు. అడిగితే రోగికి బరువు దిగుతుంది. "బ్రతకాలని లేదనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా?" అని మెల్లగా, సూటిగా అడగండి. అవునంటే పోట్లాడకండి, ఒట్లు వేయించుకోకండి. ఒంటరిగా విడవకండి. ఇంట్లోని మందులు, పొలం మందులు తాళంలో పెట్టండి. ఆ రోజే వైద్యునికి చూపండి. రాత్రివేళ అయితే 14416కు ఫోను చెయ్యండి, ముప్పు కళ్ళ ఎదుటే ఉంటే నేరుగా ఆసుపత్రికి తీసికొనిపొండి. పోలీసు కేసు అవుతుందని దాచవద్దు. అటువంటి ప్రయత్నం చేసినవారు తీవ్రమైన బాధలో ఉన్నారని ఎంచి, శిక్షకు బదులు వైద్యం ఇవ్వాలని 2017 చట్టం చెప్పింది.

షోలాపూరు సోదరికి చివరి మాట. అమ్మాయీ, తాయెత్తు తీసివేయమని నేను అనను; గుడికి పోవద్దని అనను. అవి మనసుకు ఊరట. కాని సెలైను సీసాలో ఉండేది ఉప్పునీళ్ళే. దాని కోసం ఇక డబ్బు తగలేయకండి. మీ అత్తగారికి "ధైర్యం తెచ్చుకో" అని ఎవరూ చెప్పవద్దు. తెచ్చుకొనే శక్తి ఉంటే ఆమె ఎప్పుడో తెచ్చుకొనేది. "నీకు ఒంట్లో బాగాలేదత్తా, ఇది కుదిరే జబ్బు, నేను తోడు వస్తా" అను. థైరాయిడు, రక్తం, బి-12 చూపించు. మానసిక వైద్యుని దగ్గరకు ఈసారి మీ ఆయన బయట కూర్చోనీ, నీవు లోపలికి పో. ఆమె చెప్పింది చెప్పినట్టు మరాఠీలో చెప్పి, తరువాత నీవు కూడా ఒక పది నిమిషాలు బయటకు రా. చెయ్యి పట్టుకొని చెయ్యించే చిన్న పనులు రోజుకొకటి పెట్టు. మొదటి నెల ఏమీ మారలేదని నీరసపడకు. ముందు నిద్ర వస్తుంది, తరువాత ఆకలి. నవ్వు అన్నిటికంటె ఆలస్యంగా వస్తుంది.

ఏమైనదీ నాకు ఒక కార్డు ముక్క వ్రాయి. వచ్చే మాసం తప్పకుండా కళ్ళ సంగతి.